దూరవైద్యము - దగ్గరి చేయి

వైద్యుడు లేని యూర నుండవలదని సుమతీశతకకారుడు మన పూర్వులకు బోధించెను. ఆ బోధ ఒక్క కుటుంబమునకు తగినదే. ఒక్క కుటుంబము మూటాముల్లె సర్దుకొని వైద్యుడున్న యూరికి తరలిపోగలదు. కాని ఊరికి ఊరే లేచిపోజాలదు గదా! పొలములు, పశువులు, పెద్దల సమాధులు, బ్రదుకుతెరువు సమస్తమును ఆ యూరనే యున్నవి. కావున, వైద్యుని యొద్దకు పోలేని యూరికి వైద్యుడెట్లు వచ్చుననునది తరతరముల ప్రశ్నగా నున్నది. ఇప్పుడీ ప్రశ్నకు క్రొత్త సమాధానము వినబడుచున్నది. వైద్యుడు రానక్కరలేదట, ఆయన చూపును, వినికిడియు, మాటయు తీగ మీదను గాలి మీదను వచ్చునట. దీనినే దూరవైద్యమనియు టెలిమెడిసిన్ అనియు చెప్పుచున్నారు.

ఈ సమాధానమును విని కొందరు మన కష్టములన్నియు తీరినవని చంకలు కొట్టుకొనుచున్నారు. మరికొందరు నాడి పట్టని వైద్యుడేమి వైద్యుడని పెదవి విరుచుచున్నారు. మేమీ రెండు పక్షములలో దేనిని చేరినవారము కాము. దూరవైద్యము సత్యమైన మేలు. దానిని మేము మనసార నాహ్వానించుచున్నాము. అయినను ఆవలి కొసనున్న వైద్యుడెంతటి ఘనుడైనను, ఈవలి కొసను రోగి ప్రక్క శిక్షణ గల మనుష్యుడొకడు నిలువనిచో ఆ మేలు సగమైనను ఊరికి చేరదని మా దృఢాభిప్రాయము. ఈ మాటను పాఠశాల పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. ఆ యీవలి కొసను నిలువవలసినవారు మన తరగతి గదులలోనే కూర్చుండియున్నారు.

దూరవైద్యము నిన్న మొన్న పుట్టిన వింత కాదు. నెదర్లాండ్సు దేశపు లైడెన్ నగరమున ఐన్‌తోవెన్ అను శాస్త్రజ్ఞుడు, గుండె కొట్టుకొనునప్పుడు పుట్టు సూక్ష్మమైన విద్యుత్తును చిత్రించు యంత్రమును నిర్మించెను. ఆ యంత్రము మిక్కిలి పెద్దది. ఆసుపత్రికి మోసికొనిపోవ వీలు కానిది. రోగులను యంత్రము కడకు తెచ్చుటయు సులభము కాదు. అందుచే నాయన 1905లో ఆసుపత్రి నుండి తన ప్రయోగశాల వరకు టెలిఫోను తీగను కలిపి, సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరముననున్న రోగి గుండె తీరును తన గదిలోనే చిత్రించుకొనెను. రోగి కదలలేదు, యంత్రము కదలలేదు, వార్త కదలెను. దూరవైద్యమునకు మూలసూత్రమిదియే. అయినను రోగి చేతులను కాలిని ఉప్పునీటి పాత్రలలో నుంచి, తీగలు సరిగా తగిలించువారు ఆసుపత్రిలో నుండవలసియే యుండెను.

వార్తకు గల బలమును, వార్త మాత్రమే యున్నప్పటి కొరతను ఒక్క తావుననే చూపిన చరిత్ర యొకటి ఆస్ట్రేలియాలో జరిగినది. ఆ ఖండపు వాయవ్య భాగమున కింబర్లీ యను ప్రాంతము కలదు. అందు ఎంత దూరము పోయినను పశువుల మేతబీళ్లే గాని ఊళ్లు అరుదు. 1917లో అచ్చట జిమ్మీ డార్సీ యను పశువుల కాపరి గుఱ్ఱము మీదినుండి పడి పొత్తికడుపున తీవ్రమైన దెబ్బ తినెను. తోడివారు బండి మీద నాతనిని హాల్స్ క్రీక్ అను చిన్న యూరికి చేర్చిరి. అచ్చట వైద్యుడు లేడు. తంతితపాలా కచ్చేరి మాత్రముండెను. టకెట్ అను పోస్టుమాస్టరు చుట్టుప్రక్కల పట్టణములలోని వైద్యులకై తంతి కొట్టి విఫలుడై, తుదకు రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పెర్త్ నగరమునందలి డాక్టరు హాలెండును తంతి మీద పట్టుకొనెను.

వైద్యుడు ఒక్కొక్క లక్షణమే యడిగెను. పోస్టుమాస్టరు రోగిని చూచి చెప్పెను. మూత్రాశయము చెడినదనియు, వెంటనే కోసి దారి చేయకున్నచో రోగి దక్కడనియు వైద్యుడు నిశ్చయించెను. కోయుటకు పనిముట్లు లేవన్నచో, జేబుకత్తియు మంగలికత్తియు నుండునుగదా యని సమాధానము వచ్చెను. టకెట్ డార్సీని బల్లకు కట్టించి, తంతిలో ఆజ్ఞలు వచ్చుచుండగా వాని ననుసరించి కోత కోసెను. కోత ఫలించెను. కాని రోగి స్థితి మరల చెడుటచే డాక్టరు హాలెండు స్వయముగా బయలుదేరి, ఓడ మీదను, కారు మీదను, గుఱ్ఱపు బండి మీదను ప్రయాణము చేసి, పదిదినములు దాటిన పిమ్మట హాల్స్ క్రీక్ చేరెను. డార్సీ యంతకు ముందు దినముననే మరణించియుండెను. అతనిని చంపినది పోస్టుమాస్టరు చేసిన కోత కాదు. మలేరియాయు, కడుపులోని వేరొక వ్రణమును.

ఈ చరిత్ర చదివినవారు సాధారణముగా తంతి మహిమను గాని, ఆ వైద్యుని దీక్షను గాని మెచ్చుకొందురు. రెండును మెచ్చదగినవే. మేము మరియొక సంగతిని గమనింపుడని కోరుచున్నాము. టకెట్ పూర్వము ఈ డాక్టరు హాలెండు వద్దనే ప్రథమచికిత్స నేర్చినవాడు. ఆ కొద్దిపాటి విద్య లేకున్నచో వైద్యుడడిగిన ప్రశ్న ఆతని కర్థమై యుండెడిది కాదు. ఆతడు చెప్పిన జవాబు వైద్యున కక్కరకు వచ్చియుండెడిది కాదు. తంతి కొన నున్నది పోస్టుమాస్టరే యైనను, ఆనాడు డార్సీ కుపయోగపడినది తపాలా విద్య కాదు, ఎన్నడో నేర్చిన ప్రథమచికిత్స. అట్లే, వార్త క్షణములో పోగలిగినను వైద్యుని చేయి అచ్చటికి చేరుటకు పది దినములు దాటెననుటయు మరవరాదు. వార్తయు కావలెను, చేయియు కావలెను.

ఈ రెంటిని జతపరచుటకు పూనుకొన్నవాడు జాన్ ఫ్లిన్ అను ప్రెస్బిటీరియను బోధకుడు. ఆయన 1912 నుండియు ఆస్ట్రేలియా లోపలి భాగముల ప్రజల సేవకై పాటుపడుచుండెను. క్లిఫర్డ్ పీల్ అను వైద్యవిద్యార్థి, యుద్ధమున విమానదళమునందు చేరినవాడు, 1917లో ఫ్లినుకు జాబు వ్రాసి, వైద్యుని విమానము మీద పంపవచ్చునని వివరముగా తెలిపెను. ఆ యువకుడు 1918లో ఫ్రాన్సు యుద్ధరంగమున మడిసెను గాని ఆ జాబులోని తలంపు మడియలేదు. 1928 మే నెలలో క్వీన్సులాండులోని క్లోంకరీ పట్టణము నుండి మొదటి వైద్యవిమానము బయలుదేరెను. నేటికిని అది రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసను పేర సాగుచున్నది.

విమానమున్నంత మాత్రమున చాలునా? ఎచ్చట జబ్బుపడిరో వైద్యునకు తెలియుట యెట్లు? ఆ మేతబీళ్లలో తంతి లేదు, విద్యుచ్ఛక్తి లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను పనివాడు సైకిలు త్రొక్కినట్లు కాళ్లతో త్రొక్కిన విద్యుత్తు పుట్టించు రేడియోను 1929 నాటికి సిద్ధపరచెను. కాళ్లు త్రొక్కుచుండగా చేతులు ఖాళీగా నుండును గనుక వార్త పంపుటకు వీలయ్యెను. దాని నెక్కువగా నడిపినవారు ఆ యెడారి యిండ్లలోని గృహిణులు. తరువాత 1942 నుండి ఇంటింటను మందుల పెట్టె నుంచిరి. అందలి ప్రతి మందునకు ఒక అంకె యుండెను. వైద్యుడు రేడియోలో ఫలాని అంకె మందు నిన్ని మాత్రలిమ్మని చెప్పగా ఆ తల్లి పెట్టె తెరచి యిచ్చెడిది. మందు పేరు పలుకలేకపోయినను పొరపాటు జరుగకుండుటకై చేసిన యేర్పాటిది. ఎంత చక్కని బుద్ధి! క్రొత్త యంత్రమును కనిపెట్టినవారు దానిని వాడు మనుష్యుని గూర్చి గూడ నాలోచించిరి. ఆ సేవ నిలిచి వర్ధిల్లుటకు ఇదియే కారణమని మా యభిప్రాయము.

ఇక మన దేశమునకు వత్తము. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామము అపోలో ఆసుపత్రుల స్థాపకులైన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామము. ఆ గ్రామపు ఆసుపత్రిలో నెలకొల్పిన దూరవైద్య కేంద్రమును 2000 మార్చి నెలలో, మన దేశమునకు వచ్చియుండిన అమెరికా అధ్యక్షుడు క్లింటను ప్రారంభించెను. మరుసటి యేడు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ వారు ఉపగ్రహము ద్వారా అరగొండను చెన్నపట్టణపు అపోలో ఆసుపత్రితో కలిపిరి. ఈ విధముగా భారతదేశమున దూరవైద్యమునకు మొదటి మెట్లలో నొకటి మన తెలుగు పల్లెయే యైనది. ఇది మనకు గర్వకారణము.

అటుపిమ్మట ప్రభుత్వము వారు ఈ-సంజీవని యను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. దీనిని ఆరోగ్య కేంద్రములలో మొదట అమలు జరిపిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. అది 2019 నవంబరు మాసమున. గ్రామ కేంద్రములోని ఆరోగ్య కార్యకర్త రోగిని పరీక్షించి, కంప్యూటరు ద్వారా పెద్ద కేంద్రములోని వైద్యుని సంప్రదించి, ఆయన వ్రాసిన మందులను రోగికి ఇచ్చుట ఇందలి పద్ధతి. 2020లో కరోనా మహమ్మారి వచ్చి జనులు గడప దాటలేని సమయమున, రోగి యింటనుండియే వైద్యునితో మాటలాడు మార్గమును గూడ తెరచిరి. ఆ యేడు మార్చి 25వ తేదీని వెలువడిన దూరవైద్య నియమములు వైద్యునకు కొన్ని హద్దులు విధించినవి. వైద్యుడు తానెవరో తెలుపవలెను. రోగి సమ్మతి పొందవలెను. కొన్ని మందులను దూరమునుండి వ్రాయనే రాదు. ప్రత్యక్షముగా పరీక్షింపనిదే తీరదని తోచినచో ఆ మాట రోగికి చెప్పివేయవలెను. ఈ కడపటి నియమము మాకు మిక్కిలి నచ్చినది. తన చేయి ఎంతవరకు చాచవచ్చునో యెరిగిన విద్యయే విద్య.

రోగి ప్రక్కనుండు చేతిని సిద్ధపరచుటలో మన తెలుగునాట నొక మేలుబంతి కలదు. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, పల్లెలలో దృష్టి కేంద్రములను నెలకొల్పినది. సుమారు ఏబదివేల జనులకు ఒక కేంద్రము చొప్పున లెక్క. అందు కూర్చుండువారు కంటి వైద్యులు కారు. ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఒక యేడు శిక్షణ పొందిన ఆ ప్రాంతపు యువతీయువకులు. వారు చూపు పరీక్షించి, కంటద్దములు కావలసినవారి కిప్పించి, శస్త్రచికిత్స కావలసినవారిని గుర్తించి పై యాసుపత్రికి పంపుదురు. సందేహము కలిగినచో దూరముననున్న నిపుణునకు చూపుదురు. పట్టణపు వైద్యుడు పల్లెలో కాపురముండుటకు వెనుదీయవచ్చును. పల్లెలో పుట్టిన బిడ్డకు ఆ జంకు ఉండదు. ఊరివారి యాస ఎరిగినది, ఊరివారు పేరు పెట్టి పిలువగలిగినది ఆ బిడ్డయే.

ఇప్పుడు యంత్రములు వార్త మోయుటతో ఆగక, వార్తను చదువుటకు గూడ పూనుకొన్నవి. రొమ్ము ఎక్స్‌రే చిత్రమును చూచి క్షయరోగపు జాడలను కంప్యూటరే పసిగట్టుచున్నది. పదునైదేండ్లు దాటినవారిలో క్షయను వెదకుటకు ఈ పద్ధతిని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసినది. మధుమేహముచే చెడుచున్న కంటిపొరను ఛాయాచిత్రము చూచి చెప్పు యంత్రములును వచ్చినవి. ఎక్స్‌రే తీయుటకు మనుష్యులుండి, చదువుటకు వైద్యుడు లేని తావులలో ఇవి వరము వంటివి.

అయినను రెండు సంగతులు వినుడు. కంటిపొర చిత్రములను చదువు అట్టి యంత్రము నొకదానిని థాయిలాండు దేశపు వైద్యశాలలలో వాడి చూచినప్పుడు, నర్సులు తీసిన చిత్రములలో ఐదింట నొకవంతుకు పైగా స్పష్టత చాలక యంత్రము త్రోసిపుచ్చెను. గదిలోని వెలుతురు సరిపోకుండుట అందుకొక కారణము. ప్రయోగశాలలో పండితునివలె నున్న యంత్రము పల్లె గదిలో తబ్బిబ్బు పడెను. రెండవది: కరోనా దినములలో మన యిండ్లలో ననేకులు వ్రేలికి తగిలించుకొని ప్రాణవాయువు పాలు చూచుకొన్న చిన్న యంత్రము నెరుగని వారుండరు. ఆ యంత్రము తెల్లవారికంటె నల్లవారిలో ప్రాణవాయువు తరుగుదలను సుమారు మూడురెట్లు ఎక్కువగా పొరబడి విడిచిపెట్టుచున్నదని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. చర్మపు రంగు యంత్రపు లెక్కకు అడ్డు వచ్చుచున్నదన్నమాట. యంత్రమునకు ద్వేషము లేదు. కాని దానిని ఎవరి మీద పరీక్షించి చేసిరో వారికే అది చక్కగా పనిచేయును. కావున యంత్రము చూపిన అంకెను మాత్రమే నమ్మి, ఎదుట రోగి రొప్పుచున్న సంగతిని చూడనివాడు రోగికి తోడు కాడు.

మరి పల్లెకు రాగల ప్రమాద మేది? యంత్రము చెడుట కాదు. చెడిన యంత్రమును బాగు చేయవచ్చును. తెర యున్నది గదా, ఇక వైద్యుని నియమింప నేల, నర్సును నియమింప నేల యను బుద్ధి పుట్టుటయే ప్రమాదము. ఖాళీ కుర్చీకి తెర కప్పినంత మాత్రమున ఆ కుర్చీ నిండదు. పాము కరచినవానికి విరుగుడు సూది వేయవలసినది చేయి. కాన్పు కష్టమైన తల్లిని పట్టుకొనవలసినది చేయి. దూరవైద్యము వైద్యుని తోడు కావలెను గాని వైద్యుని లేమికి సాకు కారాదు. ఇందును తల్లిదండ్రులు కన్ను తెరచి యుండవలెను. మీ యూరి కేంద్రమున తెర పెట్టినప్పుడు సంతోషింపుడు. దాని ప్రక్క కూర్చుండు నర్సమ్మ యెవరని గూడ అడుగుడు.

మరియొక చిక్కు కలదు. పదిమంది కూర్చున్న వరండాలో ఒక స్త్రీ తన గుప్తరోగమును తెర ముందు గట్టిగా చెప్పుకొనగలదా? సిగ్గుచే దాచిన రోగమును ఏ యంత్రమును కనిపెట్టలేదు. తలుపు మూసిన గదియు, విన్నమాట బయట పెట్టని మనుష్యుడును లేనిచో దూరవైద్యము ఊరి రచ్చబండ యగును. చెల్లెలి ఫోనులో అక్క జబ్బు, కోడలి ఫోనులో అత్త జబ్బు వ్రాయబడుచున్న ఈ కాలమున, రహస్యము నిలుపుటయు వైద్యములో భాగమే.

విద్యార్థులారా! ఇప్పుడు మీ మాటకు వత్తము. దూరముననున్న వైద్యునకు మీ తాతగారి రొమ్ము కనబడదు. మీరు చెప్పిన మాట మాత్రమే వినబడును. మన తెలుగున బాధకు ఎన్ని మాటలున్నవో గమనించితిరా? పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు, దడ వేరు. నీరసము వేరు, కండ్లు బైర్లు కమ్ముట వేరు. అవ్వ ఈ మాటలలో సరియైన దానినే చెప్పును. చదువుకొన్న మనుమడు ఆ యన్నింటిని కలిపి "నొప్పి" యని వైద్యునకు చెప్పి యూరకుండును. అచ్చట సగము వైద్యము పోయినది! అవ్వ చెప్పినది చెప్పినట్లు వినుట, ఎప్పుడు మొదలైనది, ఎంతసేపుండినది, ఏమి తిన్నప్పుడు హెచ్చినది యని వరుసగా చెప్పుట - ఇది తెలుగు పాఠమునకును సైన్సు పాఠమునకును చెందిన విద్య. జ్వరమానిని చదువుట, నాడిని గడియారము చూచి లెక్కించుట, మందు చీటీ మీది మోతాదును తేదీని చదువుట, గాయమును శుభ్రపరచి కట్టు కట్టుట - వీనిని పదవ తరగతి దాటులోపల ప్రతి బాలుడును బాలికయు నేర్చియుండవలెను. మన పాఠశాలలో వారమున కొక్క గంట దీనికై కేటాయించి, సమీపపు ఆసుపత్రి నర్సులను పిలిపించి నేర్పించుట సాధ్యమే యని మా నమ్మకము. యాజమాన్యమువారు దీనిని రానున్న సంవత్సరమున నాలోచింప ప్రార్థించుచున్నాము.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ వైద్యుడు కావలెనని మీరందరును కోరుచున్నారు. ఆ కోరిక తప్పు కాదు. కాని నర్సగుదునన్న కూతురిని, ప్రయోగశాలలో పరీక్షలు చేయుదునన్న కొడుకును చిన్నచూపు చూచువారు మనలో నింకను కలరు. ఇతరుల మలమూత్రముల నెత్తు పని యని ముఖము చిట్లించువారు కలరు. వెల్లూరులో ఐడా స్కడ్డర్ దొరసానిగారు స్త్రీలకు వైద్యకళాశాల తెరచుటకు (1918) తొమ్మిదేండ్లు ముందుగానే, 1909లో, నర్సుల శిక్షణను ప్రారంభించిరి. ముందు చేయి, పిమ్మట శాస్త్రము; ఆ వరుస మాకు అర్థవంతముగా తోచుచున్నది. రేపటి పల్లెలో ప్రపంచమునందలి నిపుణులందరును తెర మీదికి రాగలరు. వారి విద్యను రోగి శరీరమునకు చేర్చు వంతెన మీ కూతురో, మీ కుమారుడో యగుదురు. ఆ పనికి వారిని పంపుట తక్కువతనమా?

మేము జోస్యము చెప్పువారము కాము. రాబోవు ఇరువది యేండ్లలో ఏయే యంత్రములు వచ్చునో యెవ్వరు చెప్పగలరు? కాని ఐన్‌తోవెన్ తీగ మొదలుకొని నేటి తెర వరకు ఒక్క నియమము మారలేదు. వార్త ఎంత వేగముగ పోయినను, దానిని సరిగా పంపుటకును, వచ్చిన జవాబును సరిగా నెరవేర్చుటకును రోగి మంచము కడ నొక మనుష్యుడు కావలెను. వైద్యుడు లేని యూర నుండవలదన్న పెద్దల మాటకు, మన కాలము ఈ క్రొత్త యర్థము చెప్పుకొనవచ్చును: వైద్యుని మాట నందుకొనగల చేయి లేని యూరుగా మన యూరిని ఉండనీయవలదు.